హంతకుడికి విమోచన దొరికితే చచ్చిపోయినవాళ్ల మాటేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు దోస్తోయెవ్‌స్కీ నవల ‘నేరము–శిక్ష’ చదివారు. ఇద్దరు ఆడవాళ్లను గొడ్డలితో చంపినవాడు ఆఖరి పేజీల్లో ఒక అమ్మాయి కాళ్ల మీద పడి ఏడ్చేసరికి కొత్త మనిషి అయిపోవడం మీకు మింగుడు పడలేదు. తర్వాత గ్రహాం గ్రీన్ రాసిన ‘ది పవర్ అండ్ ద గ్లోరీ’ పట్టుకుంటే, అందులో ఒక తాగుబోతు ఫాదరీని దాదాపు పునీతుడిని చేసి కూర్చోబెట్టారు. క్రైస్తవ దృష్టితో రాసేవాళ్లు పాపిని ఇంత తేలిగ్గా వదిలేస్తారా, బాధితుల గోడు ఎవరికీ పట్టదా అని అడిగారు. న్యాయమైన కోపమే. ఈ పుస్తకాలను చాలా ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు ఇదే కోపంతో లేచి నిలబడతారు. తల ఊపుతూ కూర్చున్నవాళ్లకంటే వాళ్లే పుస్తకాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివారని నా నమ్మకం.

అయితే ఆ కోపం అడుగున ఒక అంచనా ఉంది. విమోచన అంటే నిర్దోషిగా విడుదల కావడం అని మనం అనుకుంటాం. మీరు చదివిన రచయితలు ఆ లెక్కతో రాయలేదు. వాళ్ల వెనుక ఉన్న మూలకథనే చూడండి. యేసుతో పాటు సిలువ వేసిన ఇద్దరు నేరస్థుల్లో ఒకడికి ఆయన పరదైసు (స్వర్గం) మాట ఇచ్చాడని లూకా తన సువార్తలో రాశాడు. మాట ఇచ్చాడే గాని వాణ్ణి సిలువ మీద నుంచి దించలేదు. ఆ సాయంత్రం సైనికులు వచ్చి ఇద్దరి కాళ్లూ విరగ్గొట్టారని యోహాను సువార్తలో ఉంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్న న్యాయం ఇక్కడ రద్దు కాలేదు. దాని పక్కనే ఇంకొకటి వచ్చి నిలబడింది. ఈ రెంటినీ ఒకే పేజీలో నిలబెట్టగలిగిన నవలలే ఈ విషయంలో పనికొస్తాయి. మిగతావి చివరి అధ్యాయంలో విలన్ చేత కన్నీళ్లు పెట్టించి పుస్తకం మూసేస్తాయి. వాటి గురించి మాట్లాడుకోవడం దండగ.

ముందు మీ అసలు ఫిర్యాదు, ‘నేరము–శిక్ష’లోని హంతకుడు రస్కోల్నికోవ్ సంగతి చూద్దాం. నాలుగో భాగంలో అతను మీరు చెప్పిన ఆ అమ్మాయి, సోన్యా గదికి వెళ్లి, లాజరు కథ చదివి వినిపించమంటాడు. చనిపోయి నాలుగు రోజులై కంపు కొడుతున్న మనిషిని సమాధి నుంచి పిలిచి లేపిన ఘట్టం అది. కొడిగట్టిన కొవ్వొత్తి వెలుగులో ఒక హంతకుడు, ఒక వేశ్య కలిసి నిత్యగ్రంథం (బైబిలు) చదువుతున్నారన్న అర్థంలో దోస్తోయెవ్‌స్కీ అక్కడ ఒక వాక్యం రాశాడు. నవలాకారుడు నబకోవ్ తన ఉపన్యాసాల్లో ఆ వాక్యాన్ని ఉతికి ఆరేశాడు. వాక్యం వరకు నేను నబకోవ్ పక్షమే, అది నాటకీయంగానే ఉంది. కానీ దాని ఆర్భాటంలో పడి పాఠకులు అంతకు కాస్త ముందున్న చిన్న సంభాషణను దాటేస్తారు. ఈ పుస్తకం నీకెక్కడిదని అతను అడుగుతాడు. లిజవేతా తెచ్చి ఇచ్చిందని సోన్యా చెబుతుంది.

లిజవేతా అతను చంపిన రెండో మనిషి. కుదవ వ్యాపారం చేసే ముసలామెకు మారుచెల్లెలు. అక్క శవం పక్కన అతను పెట్టెలు గాలిస్తుండగా అనుకోకుండా లోపలికి వచ్చినందుకు ప్రాణం పోగొట్టుకుంది. ముసలామెను చంపడానికి అతని దగ్గర సిద్ధాంతం ఉంది: ఆమె జలగ లాంటిది, ఆ డబ్బుతో వందమందిని బాగుచేయవచ్చు వగైరా. లిజవేతాను చంపడానికి ఏ సిద్ధాంతమూ లేదు. అందుకే ఆమెను అతను తలచుకోవడానికి కూడా ఇష్టపడడు. కథ మాత్రం ఆమెను వదలదు. లొంగిపోవడానికి వెళ్లేముందు సోన్యా అతని మెడలో తన చెక్క సిలువ వేసి, లిజవేతా ఇచ్చిన రాగి సిలువను తాను వేసుకుంటుంది. ఆఖరున సైబీరియా జైల్లో అతని దిండు కింద ఒక కొత్త నిబంధన ఉంటుంది. లాజరు కథ చదివిన పుస్తకం అదేనని రచయిత పనిగట్టుకుని చెబుతాడు. అంటే తాను చంపిన మనిషి చేతి పుస్తకం మీద అతను తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. బాధితురాలిని రచయిత మరిచిపోయాడని మీరన్నారు. నాకైతే ఆ నవలలో విమోచన అంటూ ఏదైనా ఉంటే అది ఆమె చేతుల మీదుగానే వచ్చిందనిపిస్తుంది.

ఇంకొక సంగతి. అతను ఆ పుస్తకాన్ని తెరిచినట్టు కూడా లేదు. చేతిలోకి తీసుకుంటాడు, అంతే. శిక్ష ఎనిమిదేళ్లు, ఇంకా ఏడేళ్లు మిగిలి ఉన్నాయి. ఆ కొత్త జీవితం ఊరికే రాదని, దానికి చాలా పెద్ద మూల్యం చెల్లించాలని అతనికి ఇంకా తెలియదని చివరి వాక్యాలకు ముందే చెప్పి, అదంతా వేరే కథ అని దోస్తోయెవ్‌స్కీ ఆపేశాడు. ఉపసంహారం హడావిడిగా రాసినట్టుందంటే ఒప్పుకుంటాను, నదీతీరంలో ఆ కన్నీళ్లు నాకూ అతుకు వేసినట్టే కనిపిస్తాయి. అది రచనలో లోపం. హంతకుణ్ణి వదిలేశారన్న ఆరోపణ మాత్రం నిలవదు. ఆయన స్వయంగా 1849లో మరణశిక్ష దాకా వెళ్లి, ఆఖరి క్షణంలో అది రద్దై, ఓమ్‌స్క్ జైల్లో నాలుగేళ్లు సంకెళ్లతో గడిపినవాడు. జైలు మనిషిని ఎంత నెమ్మదిగా మారుస్తుందో, ఎంతమందిని మార్చకుండా వదిలేస్తుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇక బాధితుల ప్రశ్న. దాన్ని మీకంటే గట్టిగా అడిగినవాడు ఆ రచయిత సృష్టించిన ఇవాన్ కరమజోవే. ‘కరమజోవ్ సోదరులు’ 1880లో పూర్తయింది. అందులో ఇవాన్ చెప్పే ఉదంతంలో, ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆడుకుంటూ విసిరిన రాయి ఒక జనరల్ వేటకుక్క కాలికి తగులుతుంది. మర్నాడు ఆ జనరల్ పిల్లవాడి బట్టలు విప్పించి, పరుగెత్తమని, తల్లి కళ్లముందే కుక్కల గుంపును వదులుతాడు. ఇలాంటివాణ్ణి ఏం చేయాలని ఇవాన్ అడిగితే, మఠంలో దీక్షలో ఉన్న తమ్ముడు అల్యోషా కూడా కాల్చి చంపాలనే అంటాడు. తన కడుపుకోత వరకు తల్లి క్షమిస్తే క్షమించుకోనీ, బిడ్డ పడిన యాతనను క్షమించే హక్కు ఆమెకు ఎక్కడిది అంటాడు ఇవాన్. ఈ వాదాన్ని రచయిత వాదంతో ఓడించలేదు, ఓడించడానికి ప్రయత్నించలేదు కూడా. తర్వాత వచ్చే జోసిమా భాగం (అల్యోషా గురువైన ముసలి సన్యాసి జీవితం, బోధలు) దీనికి సరిపడా జవాబు అవుతుందో లేదోనని ఉత్తరాల్లో బెంగపడ్డాడు. ఆ బెంగ సమంజసమే, జవాబు చాలలేదని నా అభిప్రాయం. కానీ ఇవాన్‌కు జరిగేది చూడండి. తండ్రి హత్య జరగవచ్చని మనసులో ఏదో మూల తెలిసీ అతను ఊరు విడిచి వెళ్తాడు. లోకంలోని క్రూరత్వాల చిట్టా రాసిపెట్టుకున్నవాడు తన పేరు కూడా ఆ చిట్టాలో ఉందని ఆలస్యంగా కనిపెడతాడు. కోర్టులో నిలబడి ఒప్పుకుంటే పిచ్చివాడి మాటలని కొట్టిపారేస్తారు.

ఈ విషయంలో టాల్‌స్టాయ్ ఇంకా కఠినుడు. 1899లో వచ్చిన ‘పునరుత్థానం’లో నెఖ్ల్యూదోవ్ అనే ప్రభువు జ్యూరీలో కూర్చుని, బోనులో ఉన్న ముద్దాయి ఒకప్పుడు తాను చెరిచి వదిలేసిన కత్యూషా మాస్లోవా అని గుర్తుపడతాడు. ఆమెను పెళ్లాడి పాపం కడుక్కోవాలని జైలుకు వెళ్తాడు. ఈ లోకంలో నన్ను అనుభవించావు, పరలోకంలో కూడా నన్ను అడ్డుపెట్టుకుని గట్టెక్కాలని చూస్తున్నావు అని ఆమె మొహం మీదే అంటుంది. పశ్చాత్తాపంలో దాక్కున్న స్వార్థాన్ని ఇంత సూటిగా పట్టుకున్న మాట నేను ఇంకెక్కడా చదవలేదు. చివరికి ఆమె అతన్ని పెళ్లి చేసుకోదు. నవల ఆఖరి పేజీలు మాత్రం యేసు కొండమీది ప్రసంగానికి వ్యాఖ్యానంలా తయారయ్యాయి, అక్కడ నాకు ఆవులింతలు వస్తాయి.

బాధితుల సంగతి ఇలా ఉంటే, చెడు గురించిన మీ రెండో మాట: వీళ్ల పాత్రలు అంత చెడ్డపనులు చేయడానికి సరైన కారణాలే కనిపించవన్నారు. కనిపించవు, కావాలనే. తొలినాటి క్రైస్తవ గురువు అగస్టీన్ తన ‘ఒప్పుకోళ్లు’ రెండో భాగంలో పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి పియర్ పండ్లు దొంగిలించిన సంగతి రాశాడు. ఆకలి లేదు, ఇంటి దగ్గర అంతకంటే మంచి పండ్లే ఉన్నాయి. దొంగిలించినవాటిని పందులకు పారేశారు. తప్పు అని తెలియడమే అందులోని రుచి అంటాడు ఆయన. పేదరికం, చిన్ననాటి గాయం, చెడు సావాసం లాంటి కారణాలన్నీ తీసివేశాక కూడా కొంత మిగులుతుందని, ఆ మిగిలినదాని పేరే పాపమని క్రైస్తవ రచయితలు నమ్ముతారు. ఆధునిక నవల సాధారణంగా కారణాల వేటలో ఉంటుంది. అందుకే ఈ మిగులు దగ్గర పాఠకుడికి కాలు జారుతుంది. విలియం గోల్డింగ్ 1954 నాటి ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’లో ఈ సగం, అంటే పాపం మాత్రమే రాశాడు. దీవి మీద మృగాలైపోయిన పిల్లలను కాపాడటానికి వచ్చిన అధికారి యుద్ధనౌక దిగి వస్తాడు. పిల్లలు బయటపడతారు, అంతకుమించి ఏమీ జరగదు.

రెండో సగం, అంటే విమోచన, ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే అమెరికా దక్షిణాదికి చెందిన కాథలిక్ రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ దగ్గరికి వెళ్లాలి. లూపస్ జబ్బుతో 39 ఏళ్లకే, 1964లో చనిపోయింది. 1953లో వచ్చిన ‘ఎ గుడ్ మాన్ ఈజ్ హార్డ్ టు ఫైండ్’ కథలో ఒక నాయనమ్మ కుటుంబంతో కారులో బయలుదేరుతుంది. దారిలో ప్రమాదం జరిగి చనిపోయినా, చూసినవాళ్లకు తాను పెద్దింటి మనిషినని తెలియాలని ముస్తాబై కూర్చుంటుంది. మరీ దుర్మార్గురాలు కాదు, మనందరికీ తెలిసిన మనిషే. జైలు నుంచి పారిపోయిన హంతకుడి చేతిలో కుటుంబమంతా ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోతుండగా ఆమె మర్యాదలూ ప్రార్థనలూ బేరాలూ అన్నీ అయిపోతాయి. అప్పుడు ఆ హంతకుడి మొహంలోకి చూసి, నువ్వు నా బిడ్డవే అని భుజం మీద చేయి వేస్తుంది. అతను పాము కరిచినట్టు వెనక్కి ఎగిరి, మూడుసార్లు కాలుస్తాడు. కథలో ఆమె నిజంగా మంచి మనిషిగా ఉన్నది ఆ ఒక్క క్షణమే, దానికి వెల ప్రాణం. ఆ క్షణం హంతకుడి మీద కూడా ఏదో పని చేసిందా? కథ చివర అతను మాట్లాడే నాలుగు ముక్కలు జాగ్రత్తగా వినండి. నా తరగతుల్లో దీని మీద ఏకాభిప్రాయం ఎప్పుడూ కుదరలేదు.

ఇప్పుడు గ్రీన్ ఫాదరీ. మెక్సికోలో చర్చిలు మూయించి కాథలిక్ గురువులను (ఫాదరీలను) వేటాడిన కాలం. 1938లో గ్రీన్ టబాస్కో, చియాపాస్ ప్రాంతాల్లో తిరిగి వచ్చాడు, నవల 1940లో వచ్చింది. ఈ గురువు తాగుబోతు, పిరికివాడు, ఒక బిడ్డకు తండ్రి. అతన్ని పునీతుడిని చేశారని మీరు విసుక్కున్నారు. జైలుగదిలో గడిచే రాత్రి ఉన్న అధ్యాయం మళ్లీ చదవమని కోరతాను. దొంగసారా ఉన్నందుకు పట్టుబడి, చీకటి గదిలో కిక్కిరిసిన మనుషుల మధ్య పడతాడు. దుర్గంధం, ఒక మూల ఎవరో జంట శృంగారం. భక్తి పుస్తకాలు ఇంట్లో ఉంచుకున్నందుకు జైలుపాలైన ఒక సంపన్న స్త్రీ, ఆ జంటను ఆపమని గురువును నిలదీస్తుంది. అతను ఆ చీకటిలో తాను గురువునని, చెడ్డ గురువునని ఒప్పేసుకుంటాడు. తన తల మీద బహుమతి ఉందని కూడా చెబుతాడు. గదిలో ఉన్నది దొంగలు, హంతకులు. తెల్లవారాక ఒక్కడూ అతన్ని పట్టివ్వడు.

ఆ రాత్రంతా అతనికి వాళ్లమీద ప్రేమే కలుగుతుంది. కష్టమంతా ఆ భక్తురాలి దగ్గరే. ఆమె మీద జాలిపడటం అతని వల్ల కాదు. ఏ మనిషి మొహాన్నయినా శ్రద్ధగా చూస్తే ద్వేషించలేమని, ద్వేషం ఊహాశక్తి లేకపోవడమేనని తెల్లవారుజామున అనుకుంటాడు. గ్రీన్ ఆమెను వెక్కిరించడానికి పెట్టలేదు. పాపినని తలవంచిన సుంకరి (పన్ను వసూలుదారు), తన భక్తికి గర్వపడిన పరిసయ్యుడు గుడికి వెళ్లిన సువార్త కథను ఆయన తిరగేశాడు. సుంకరికి కూడా పరిసయ్యురాలిని ప్రేమించాల్సిన బాధ్యత ఉందన్నాడు. ఇంకొక చిక్కు పశ్చాత్తాపం. తాను చేసిన పాపం నుంచే కూతురు పుట్టింది, ఆ కూతురంటే అతనికి ప్రాణం. జరిగినందుకు చింతించడం ఎలా? తనకు నరకమైనా సరే, ఆ పిల్లను కాపాడమని వేడుకుంటాడు. శాస్త్రం ప్రకారం అది సరైన పశ్చాత్తాపం కాదని అతనికే తెలుసు.

సరిహద్దు దాటి క్షేమంగా ఉన్నవాడు, చావుబతుకుల్లో ఉన్న ఒక నేరస్థుడి పాపపు ఒప్పుకోలు వినాలని పిలుపు వస్తే, అది వల అని తెలిసే వెనక్కి వెళ్తాడు. ఆ నేరస్థుడు పాపం ఒప్పుకోడు, పైగా తన తుపాకీ తీసుకుని పారిపొమ్మంటాడు. అంటే ప్రాణం పణంగా పెట్టిన పని కూడా నెరవేరలేదు. దేవుడి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తున్నాననే బాధతోనే ఒక గోడ ముందు నిలబడి తుపాకీ గుండ్లకు చచ్చిపోతాడు. పునీతుడు అన్నది చుట్టుపక్కలవాళ్ల మాట. అతని లెక్కలో తాను విఫలుడు. 1950లలో వాటికన్ అధికారులు ఈ నవల మీద అభ్యంతరం చెప్పారు. తర్వాత పోప్ ఆరో పాల్ తనను కలిసినప్పుడు, నీ పుస్తకాల్లో కొన్ని భాగాలు ఎప్పుడూ ఎవరినో ఒకరిని నొప్పిస్తాయి, పట్టించుకోకు అన్నాడని గ్రీన్ చెప్పుకున్నాడు.

ఒక్కసారి దిద్దుకున్న మనిషిని క్షమించడం వేరు. మళ్లీ మళ్లీ అదే చేసేవాడి సంగతేమిటి? షుసాకు ఎండో 1966లో రాసిన ‘సైలెన్స్’లో కిచిజిరో అలాంటివాడు. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో క్రైస్తవులను గుర్తించడానికి క్రీస్తు బొమ్మను కాలితో తొక్కమనేవాళ్లు. కిచిజిరో అడిగిన ప్రతిసారీ తొక్కుతాడు, గురువు రోడ్రిగెజ్‌ను పట్టిస్తాడు, వెంటనే ఏడుస్తూ పాపం ఒప్పుకుంటానని వెంటపడతాడు. చదివేవాడికీ విసుగు పుడుతుంది, గురువుకూ అసహ్యం పుడుతుంది. హింస లేని కాలంలో పుట్టి ఉంటే నేనూ మంచి విశ్వాసిగా బతికేవాణ్ణి, బలహీనుడిగా పుట్టి ఈ కాలంలో పడ్డాను అని అతను మొరపెట్టుకుంటాడు. ఆ మాటకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు. చివరికి గురువు కూడా ఆ బొమ్మను తొక్కుతాడు. ఆ తర్వాత కిచిజిరో మళ్లీ తలుపు తడితే వినేవాడూ, చెప్పేవాడూ ఇద్దరూ ద్రోహులే. నాకు ఈ నవలలో ఎక్కువమంది చర్చించే, ఆ బొమ్మ నుంచి గురువుకు వినిపించే ‘తొక్కు’ అన్న స్వరం కంటే ఈ తలుపు దగ్గరి సంభాషణే ముఖ్యం.

దేవుణ్ణి పక్కన పెట్టి ఇదే సమస్యను పట్టుకున్న నవలలు రెండు చెబుతాను, పోల్చి చూడటానికి. కామూ రాసిన ‘ది ఫాల్’ 1956 నాటిది. క్లమెన్స్ అనే మాజీ లాయరు ఆమ్‌స్టర్‌డామ్ బారులో కూర్చుని, ఒక రాత్రి నదిలో దూకిన స్త్రీ కేక విని కూడా కదలని తన పిరికితనాన్ని చెబుతూనే ఉంటాడు. క్షమించేవాడు లేని ఒప్పుకోలు చివరికి ఆయుధంగా మారుతుంది: నా తప్పు చెప్పాను కనుక ఇప్పుడు నీకు తీర్పు తీర్చగలను అన్నది అతని ఎత్తు. ఇయన్ మెకివన్ ‘అటోన్‌మెంట్’ 2001లో వచ్చింది. అబద్ధపు సాక్ష్యంతో ఇద్దరి జీవితాలు కూల్చిన బ్రయోనీ, పెద్ద రచయిత్రి అయ్యాక, యుద్ధంలో చనిపోయిన ఆ ఇద్దరినీ నవలలో కలిపేస్తుంది. కథలో అన్నీ నిర్ణయించే దేవుడు తానే అయినప్పుడు, తనను క్షమించాల్సింది ఎవరన్న ప్రశ్న ఆమెకు మిగిలిపోతుంది. రస్కోల్నికోవ్‌కు సోన్యా ఉంది, బ్రయోనీకి కాగితం తప్ప ఎవరూ లేరు. ఈ తేడాను విశ్వాసం లేని మెకివనే ఎంతో నిజాయితీగా చూపించాడు.

ఇక ఏం చదవాలని అడిగారు కదా. మీ కోపానికి సరిజోడు మెరిలిన్ రాబిన్సన్ 2004 నవల ‘గిలియడ్’. ముసలి పాస్టరు జాన్ ఏమ్స్ స్నేహితుడి కొడుకు జాక్‌ను క్షమించలేకపోతాడు. జాక్ కుర్రతనంలో ఒక పేద అమ్మాయిని తల్లిని చేసి వదిలేశాడు, ఆ బిడ్డ చనిపోయింది. ఏమ్స్ తన మొదటి భార్యనూ బిడ్డనూ పోగొట్టుకున్నవాడు. తనకు దక్కనిదాన్ని ఇతను పారేసుకున్నాడన్న అక్కసు ఆ సాధువు గుండెలో అంతకాలం ఉంది. కొందరు నరకానికే రాసిపెట్టి పుడతారా అని జాక్ అడిగితే పాస్టర్లిద్దరూ సిద్ధాంతాల చుట్టూ తిరుగుతారు. పెద్దగా చదువుకోని ఏమ్స్ భార్య మాత్రం, మనిషి మారగలడు అని ఒక్క ముక్కలో చెబుతుంది. ఆ పేద అమ్మాయికి న్యాయం జరగదు, ఆ సంగతిని నవల దాచిపెట్టదు.

దాని తర్వాత ‘కరమజోవ్ సోదరులు’కు వెళ్లండి. ఇవాన్ చెప్పే ‘మహావిచారణాధికారి’ కథ ఉన్న అధ్యాయాన్ని విడిగా అచ్చువేసి చదివించే అలవాటు ఒకటి ఉంది, ఆ దారిలో పోకండి. దానికి ముందున్న ‘తిరుగుబాటు’ అధ్యాయం, తర్వాతి జోసిమా భాగం, పుస్తకం చివరన ఇవాన్ సాక్ష్యం చెప్పే కోర్టు ఘట్టం కలిపి చదవండి. ఇవాన్ వాదం గెలిచిందని మీకు అప్పటికీ అనిపిస్తే ఇక్కడే రాయండి. ఆ పక్షాన చెప్పడానికి నా దగ్గర కూడా కొన్ని సంగతులున్నాయి.